ఎండ కన్నెరగని బిడ్డ

సూరత్‌లో పర్వత్ పాటియా వెనక గల్లీలో భూదేవి నడుస్తుంటే చిన్నపిల్లలు ఆమె వెనకాల చేరి బాతుల్లా అటూ ఇటూ ఊగుతూ నడిచేవాళ్లు. ఆమె తిరిగి చూసేది కాదు. తిరగాలంటే నడుము పట్టేసేది. నిండా నలభై అయిదేళ్లు లేవు ఆమెకు. అయినా కింద కూర్చుంటే లేవడం ఒక పెద్ద పని. ముందు ఒక పక్కకు ఒరిగి, అరచెయ్యి నేలకు ఆనించి, మోకాళ్ల మీదికి వచ్చి, గోడ పట్టుకుని, పళ్లు బిగించి అప్పుడు లేచేది. లేచాక కాసేపు అలాగే నిలబడి ఊపిరి పీల్చుకునేది.

వాతం అన్నాడు భర్త అంబదాస్. ఒళ్లు పెరిగింది, అన్నం తగ్గించమన్నాడు గల్లీ చివర డాక్టరు. ఇంకో డాక్టరు నొప్పి సూది వేశాడు. సూది వేసిన వారం హాయిగా ఉండేది, తర్వాత మళ్లీ అదే. ముంగాళ్ల ఎముకల్లోంచి, తుంటిలోంచి, పక్కటెముకల్లోంచి నొప్పి వచ్చేది. ఎవరైనా ప్రేమగా భుజం మీద చెయ్యి వేసి నొక్కినా ప్రాణం పోయినట్టయ్యేది. మందులు మింగీ మింగీ ఆమెకు కూడా విసుగు పుట్టింది. ఆడదాని ఒళ్లన్నాక నొప్పులు ఉంటాయని సరిపెట్టుకుంది.

భూదేవి పుట్టింది సిరిసిల్ల దగ్గరి నేతగాళ్ల ఇంట్లో. చిన్నప్పుడు తెల్లారగానే వీధి పొడుగునా పడుగు పరిచి, గంజి పట్టించి, పెద్దవాళ్లు దువ్వుతుంటే, తెగిన పోగులు చూపిస్తూ ఈ చివర నుంచి ఆ చివరకు పరిగెత్తేది. పొద్దంతా ఎండలోనే ఉండేది. నల్లగా, బిరుసుగా, కాళ్లు కొయ్యల్లా ఉండేవి. ఆ నలుపే పెళ్లప్పుడు అడ్డం వచ్చింది. చూడవచ్చిన వాళ్లు చూసి వెళ్లిపోయేవాళ్లు. చివరికి సూరత్‌లో మరమగ్గాల మీద పనిచేసే అంబదాస్ ఒప్పుకున్నాడు. అతని తల్లి ఐలమ్మ మాత్రం కోడలి గడ్డం పట్టి ముఖం వెలుగుకు తిప్పి, "పిల్ల మంచిదే. జర నలుపు" అంది, పదిమందీ వింటుండగా. ఆ ముసలామె పోయి చాలా ఏళ్లయింది. ఆ మాట మాత్రం భూదేవి లోపల పోలేదు.

సూరత్‌లో వాళ్లుండే ఖోలీ, అంటే ఒంటిగది ఇల్లు, గల్లీలో అన్నిటికన్నా లోపలిది, కింది అంతస్తులోది. ఆమె కాపురానికి వచ్చినప్పుడు గడపలో నిలబడితే కాస్త ఆకాశం కనబడేది. ఎదుటి ఇంటి యజమాని ఒక అంతస్తు లేపాడు, ఆ తర్వాత ఇంకోటి. వీళ్ల యజమాని కూడా ఊరుకోలేదు. రెండు కట్టడాలూ పైకి పెరిగి, తలలు దగ్గరికి చేర్చి, మధ్యలో వైర్లు తప్ప ఏమీ లేకుండా చేశాయి. పైన డాబా మీద రేకులు వేసి కుట్టు మిషన్ల కార్ఖానా పెట్టారు. అక్కడంతా మగవాళ్లే పని చేస్తారు, ఆడవాళ్లు పైకి ఎక్కడం మానేశారు. బట్టలు గదిలోనే ఫ్యాను కింద ఆరేవి. పగలూ రాత్రీ ఒకే ట్యూబులైటు.

ఆ లైటు కిందే ఆమె పని. బజారు నుంచి చీరల మూటలు ఇంటికి వచ్చేవి. బిగుసుకుని కూర్చుని, జిగురు చుక్క పెట్టి, మెరిసే రాళ్లూ చమ్కీ టిక్కీలూ ఒక్కొక్కటే అంటించాలి. గాలి వస్తే రాళ్లు చెదురుతాయి, దుమ్ము పడితే చీర చెడుతుంది. అందుకని తలుపు కూడా వేసుకునేది. ఊరంతా నిప్పులు చెరిగే వేసవిలో, రోడ్డు మీద తారు చెప్పులకు అంటుకునే రోజుల్లో, భూదేవి ఆ చల్లటి చీకట్లో కూర్చుని ఉండేది. బయట మండిపోతున్నవాళ్లను చూసి, తన బతుకే నయమని కూడా అనుకునేది.

కూతురు నవత పుట్టింది ఆ గదిలోనే, పెరిగిందీ అక్కడే. ఒక్కతే బిడ్డ. పుట్టినప్పుడే తెల్లగా ఉంది. ఆ రంగు చూసి భూదేవికి పట్టరాని సంతోషం, వెంటనే భయం. ఆ రంగును కాపాడుకోవాలి. నవత బడికి ఆటోలో వెళ్లి ఆటోలో వచ్చేది. మిగతా ఆడపిల్లలు రోడ్డు మీద గీతలు గీసి గెంతుతుంటే గడపలో నిలబడి చూసేది. ఒక కాలు బయట పెట్టగానే లోపల్నుంచి కేక వినబడేది.

"ఏందే, యాడికి? నల్లగైతవ్. లోపటికి రా."

నవత మొండిపిల్ల కాదు. లోపలికి వచ్చేది. తల్లి పక్కన కూర్చుని రంగుల వారీగా రాళ్లు ఏరి పెట్టేది. పెద్దయ్యాక తనూ అంటించేది. పొడుగ్గా, సన్నగా, వెన్నముద్దలాంటి పిల్ల. తరచూ కాళ్లు గుంజుతున్నాయని అనేది. రాత్రి పడుకునే ముందు తల్లి నూనె రాసేది. తల్లీబిడ్డల ఇద్దరి కాళ్లకూ ఒకే సీసా.

సూరత్ దగ్గరి కిమ్ నుంచి సంబంధం వచ్చింది. అక్కడి దారం ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు వరప్రసాద్, మెత్తని మనిషి. అతని తల్లి వెంకటలక్ష్మి నవతను చూసి, ఆమె చెయ్యి తన చేతిలో పెట్టుకుని తిప్పి తిప్పి చూసింది. "ఎండ కన్నెరగకుంట పెంచిన్రు వదినె బిడ్డను" అంది భూదేవితో. అంతకన్నా పెద్ద పొగడ్త భూదేవి జీవితంలో వినలేదు. ఆ రోజు గదిలో వంట మూలకు వెళ్లి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. అత్త అన్న మాటకు ఇన్నేళ్ల తర్వాత జవాబు చెప్పినట్టనిపించింది.

పెళ్లయిన ఏడాదికే నవత కడుపుతో పుట్టింటికి వచ్చింది. నెలలు నిండుతున్న కొద్దీ కాళ్ల గుంజులు ఎక్కువయ్యాయి. ఒకరోజు చీర మడత పెడుతూ పెడుతూ చేతి వేళ్లు వాటంతట అవే దగ్గరికి ముడుచుకుపోయాయి. విప్పుదామంటే రాలేదు.

"అమ్మా, చేతులు చూడే. గిట్లెందుకైతున్నయ్?"

"కడుపుతోని ఉన్నోళ్లకు అట్లనే ఉంటది బిడ్డా. గోలీలు ఏసుకుంటున్నవ్ కదా, తగ్గుతది" అంటూ భూదేవి వేళ్లు ఒక్కొక్కటే సవరించింది. ఆస్పత్రిలో ఇచ్చిన కాల్షియం గోలీలు, ఐరన్ గోలీలు నవత తప్పకుండా వేసుకునేది. ఒక్కపూట కూడా మరవలేదు.

చలికాలం చివర్లో ఆడపిల్ల పుట్టింది. ప్రసన్న అని పేరు పెట్టారు. పిల్ల చిన్నదే అయినా కళ్లు మాత్రం పెద్దవి, దేన్ని చూసినా ఆశ్చర్యపోతున్నట్టు ఉండేవి. బాలింతకు గాలి తగలకూడదని భూదేవి ఉన్న ఒక్క కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కింది. నవత చెవులకు గుడ్డ చుట్టింది. పొద్దున, సాయంత్రం సాంబ్రాణి పొగ వేసింది. తనకు లేవడమే కష్టంగా ఉన్నా, గోడ పట్టుకుని లేచి, కాళ్లు చాపి, కాళ్ల మీద మనవరాలిని పడుకోబెట్టుకుని స్నానం చేయించేది. పిల్ల బరువు ఎముకల మీద పడి నొప్పి పుట్టేది. ఆ నొప్పి ఆమెకు ఇష్టంగానే ఉండేది.

పిల్ల ముందు బాగానే పాలు తాగింది. తర్వాత తాగుతూ తాగుతూ ఆగిపోయి రొప్పడం మొదలుపెట్టింది. నుదుటి మీద చెమట పట్టేది. తల్లి రొమ్ము దగ్గర ఏ బిడ్డకైనా అంత చెమట పట్టడం భూదేవి ఎరగదు. ఉక్కపోత అనుకుంది. గల్లీ డాక్టరు జలుబు, ఛాతీలో కఫం అని ఆవిరి పట్టించాడు. ఒకరోజు కాస్త నయమనిపించింది. మర్నాడు పిల్ల పెదాలు నీలంగా మారాయి. ఏడుపు కూడా సన్నగా, ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టుంది. అంబదాస్ కార్ఖానా నుంచి పరిగెత్తుకొచ్చాడు. ఆటోలో పెద్ద ఆస్పత్రికి తీసుకెళ్లారు. నవత దారిపొడుగునా పిల్ల ముఖం మీద ఎండ పడకుండా కొంగు కప్పి పట్టుకునే ఉంది.

ఆస్పత్రిలో పిల్లల వార్డు డాక్టరమ్మ పేరు నీరజ. తెలుగామె, తండ్రి రైల్వేలో పనిచేసేవాడట. సూరత్ రైల్వే క్వార్టర్లలోనే పెరిగింది. వీళ్ల మాట విని, హిందీ మానేసి తెలుగులోకి వచ్చింది. పిల్లకు ఆక్సిజన్ పెట్టి, రక్తం తీసి, గుండెకు పరీక్ష చేయించాక, నవతను, భూదేవిని పక్కకు పిలిచింది.

"పాప గుండె బాగా పెద్దదైపోయిందమ్మా. సాగిపోయింది. కొట్టుకునే బలం లేదు."

"గుండెల రంధ్రమా మేడం?" అంది భూదేవి. గల్లీలో ఒక పిల్లాడికి అలా ఉండేది.

"కాదు. పుట్టుకతో వచ్చిన లోపం ఏమీ లేదు. రక్తంలో కాల్షియం బాగా పడిపోయింది. గుండె కొట్టుకోవడానికి అది కావాలి. నరం ద్వారా ఎక్కిస్తున్నాం."

"నేను గోలీలు ఏసుకున్నా కదా" అంది నవత. "రోజూ ఏసుకున్న."

"వేసుకున్నా అది ఒంటికి పట్టాలంటే డి విటమిన్ ఉండాలమ్మా. నీ ఒంట్లో లేదు. అందుకే పాపకీ రాలేదు. తల్లిపాలలో కూడా అది చాలా తక్కువే ఉంటుంది."

భూదేవి ముందుకు వంగింది. "గది దేంట్ల ఉంటది మేడం? ఏం పెట్టాలె? మేం తిండికి తక్కువ చెయ్యలే. గుడ్లు పెట్టిన, పాలు పోసిన."

"తిండిలో దొరికేది కొంచెమే. ఒంటి మీద ఎండ పడితే ఒళ్లే తయారు చేసుకుంటుంది."

భూదేవికి సరిగా వినబడలేదేమో అనిపించింది. వార్డు కిటికీ అవతల చైత్రమాసపు ఎండ కళ్లు చెదిరేట్టు కాస్తోంది. ఆస్పత్రి ఆవరణలో జనం నీడ కోసం గోడల వెంబడి నక్కి నడుస్తున్నారు. వడదెబ్బ తగులుతుంది, మధ్యాహ్నం బయటికి రావద్దని ఎక్కడో మైకులో చెబుతున్నారు.

"ఎండనా?" అంది. "సూరత్‌ల ఎండ లేకపోవుడేంది మేడం?"

"ఊళ్లో ఉందమ్మా. ఒంటి మీద పడాలి కదా. పాప పుట్టాక ఎప్పుడైనా బయటికి తీసుకొచ్చారా? ఈ అమ్మాయి ఎండలో తిరిగి ఎన్నాళ్లయింది?"

నవత తల్లి వైపు చూసింది. తను చెప్పాల్సిన జవాబు తల్లి దగ్గర ఉన్నట్టు, చిన్నప్పుడు ఎవరైనా ఏదైనా అడిగితే చూసినట్టే చూసింది.

వెళ్లడానికి భూదేవి బెంచీ మీంచి లేవబోయింది. రెండు చేతులూ తొడల మీద ఆనించి, ఒక పక్కకు ఒరిగి, గోడ పట్టుకుంది. నీరజ కళ్లు ఆమె మీదే ఉన్నాయి.

"మీరు ఎప్పటినుంచి ఇలా లేస్తున్నారు?"

"చాన ఏండ్లాయె. వాతం."

డాక్టరమ్మ వంగి, ఆమె మోకాలి కింద ముంగాలి ఎముక మీద బొటనవేలితో నొక్కింది. భూదేవి కెవ్వుమంది. నీరజ నర్సును పిలిచి, ఈమె రక్తం కూడా తీయమంది.

ప్రసన్నకు మొదట నయమైనట్టే కనిపించింది. పెదాలకు రంగు వచ్చింది. భూదేవి వేలు అందిస్తే గట్టిగా పట్టుకుంది. ఇలాంటి పిల్లలు చాలామంది కోలుకుంటారని నీరజ చెప్పింది. ఆ మాట మీద ఆశ పెట్టుకుని నవత వార్డు బయట నేల మీదే కూర్చుని గిన్నెలోకి పాలు పిండుతూ ఉండేది. వరప్రసాద్ కిమ్ నుంచి వచ్చి, ఏం చెయ్యాలో తెలియక, అందరికీ టీ తెచ్చిచ్చేవాడు. అంబదాస్ మగ్గాల రొదలో బతికిన మనిషి కాబట్టి గొంతు ఎప్పుడూ పెద్దదే. ఆస్పత్రిలో మాత్రం గుసగుసగానే మాట్లాడాడు.

కానీ పిల్లను ఆస్పత్రికి తీసుకురావడంలోనే ఆలస్యమైంది. అప్పటికే సాగిన గుండె మళ్లీ దగ్గరికి రాలేదు. ఒకరోజు మధ్యాహ్నం, నవత గిన్నె పట్టుకుని లోపలికి వెళ్లబోతుంటే నర్సు ఆపింది. లోపల నీరజ రెండు వేళ్లతో పిల్ల ఛాతీ మీద నొక్కుతోంది. చాలాసేపు నొక్కింది. తర్వాత చేతులు తీసేసింది. నవత గిన్నె కింద పెట్టలేదు, ఒలకబోయలేదు. పాలు అలాగే చేతిలో ఉన్నాయి. చివరికి ఆ గిన్నెను ఎవరో తీసుకున్నారు.

పిల్లను మట్టి చేయడానికి మగవాళ్లే తాపీ నది ఒడ్డుకు వెళ్లారు. అంబదాస్ చేతుల్లో ఎత్తుకుని నడిచాడు. తిరిగొచ్చి, తలకు నీళ్లు పోసుకుని, గడప దగ్గర కూర్చుని, ఎవరూ అడక్కుండానే చెప్పాడు.

"ఎండ మస్తుగున్నది. మొఖం మీద పడ్తదని నా తువ్వాల కప్పిన. గుంత కాడికి పోయేదాంక కప్పే ఉంచిన. తీయాలని యాదికి రాలే." ఆ తర్వాత అతను తువ్వాలు మెడ నుంచి తీసి చూసుకుని ఏడ్చాడు. ఆ మనిషి ఏడవడం భూదేవి చూడటం అదే మొదటిసారి.

తర్వాత వెంకటలక్ష్మి వచ్చింది. వచ్చి, వియ్యపురాలి నడక చూస్తూ కూర్చుంది.

"గీ ఎముకల రోగం మీ ఇంట్ల ఉన్నదని ముందుగాల ఎందుకు చెప్పలే వదినె?"

"గది రోగం కాదు వదినె. వంశంల వచ్చేది కాదు. డాక్టరమ్మ చెప్పింది. ఎండ తగలక..."

"ఎండ లేక పిల్ల సచ్చిందంటె ఎవలన్న నమ్ముతరా? ఈ ఊర్ల ఎండకు మనుషులు సస్తున్నరు."

భూదేవికే నమ్మబుద్ధి కావడం లేదు. రంగును చూసి మెచ్చుకుని కోడల్ని చేసుకున్నది ఈమే కదా అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. కానీ ఆ రంగును కాపాడింది ఎవరు? మాట మింగేసింది. వెంకటలక్ష్మి కోడల్ని కిమ్ తీసుకెళ్లిపోయింది. వెళ్లేటప్పుడు నవత వెనక్కి తిరిగి చూడలేదు. కోపం వల్ల కాదు. అసలు ఎక్కడికి వెళ్తున్నదీ గమనించనట్టు నడిచింది.

రక్త పరీక్షలో అదే లోపం తేలి, ఆస్పత్రిలో భూదేవికి డి విటమిన్ పొడి పొట్లాలు ఇచ్చారు. వారానికొకటి పాలలో కలుపుకుని తాగాలి. దాంతోపాటు కాల్షియం గోలీలు. ఆమెకు తాగాలని లేదు. నీరజ ఫోన్ చేసి కసిరింది. "మీరు కూడా మంచం పడితే మీ అమ్మాయిని ఎవరు చూస్తారు?" అంది. ఆ మాటకు తాగింది.

వానలు మొదలయ్యే సరికి నొప్పి తగ్గుముఖం పట్టింది. ముందు పక్కటెముకలు వదిలాయి. తర్వాత తుంటి. ఇన్నేళ్లుగా మందులకు, సూదులకు, నూనెలకు, తాయెత్తుకు లొంగని నొప్పి, చిటికెడు పొడికి దారి ఇచ్చింది. ఒక ఆదివారం పొద్దున చీరల దగ్గర కూర్చున్నది, స్టవ్ మీద పాలు పొంగుతున్న చప్పుడు విని, చటుక్కున లేచి వెళ్లి కట్టేసింది. కట్టేశాక గాని తెలియలేదు. గోడ పట్టుకోలేదు. అరచెయ్యి నేల మీద ఆనించలేదు.

అంబదాస్ మంచం మీంచి చూశాడు. చాలా రోజుల తర్వాత అతని ముఖం వెలిగింది. "లేచినవ్! జర చూసుకున్నవా, ఎట్ల లేచినవో!"

భూదేవి స్టవ్ ముందు అలాగే నిలబడింది. ఆమె మోకాళ్లు వణకలేదు, అదే ఆమెకు భరించరానిదయింది. "గింతదానికా?" అంది. "ఏమయ్యా, గింతదానికేనా?"

"ఏందే, మంచిగైతే ఏడుస్తున్నవ్?"

"నాకు మంచిగైంది. గందుకే."

అతనికి అర్థమైంది కాబోలు, మళ్లీ అటు తిరిగి పడుకున్నాడు.

జబ్బు నయం కానిదైతే ఆమె తట్టుకునేది. గుండెకు రంధ్రం, రక్తంలో దోషం, దేవుడి రాత, ఏదైనా సరే. మనిషి చేతిలో లేనిదానికి మనిషి ఏడ్చి ఊరుకుంటాడు. ఇది పాలలో కలుపుకునే పొడి. ఊరికే దొరికే ఎండ. నొప్పి తగ్గుతున్న ప్రతి రోజూ ఆమెకు ఆ సంగతే చెబుతోంది. తుంటిలో నొప్పి లేకుండా నిద్ర లేచినప్పుడల్లా ముందు హాయిగా ఉండేది, వెంటనే ఆ హాయికి సిగ్గేసేది. తన ఎముకలు గట్టిపడుతున్నాయి. మట్టిలో ఉన్న పిల్ల ఎముకలు ఎంత మెత్తగా ఉండేవో తలకు నూనె రాసిన తన వేళ్లకు తెలుసు.

వానలు వెనకబట్టాక రోజూ పొద్దెక్కిన వేళ గల్లీ దాటి ఖాడీ దగ్గరకు వెళ్లి కూర్చోవడం మొదలుపెట్టింది. ఆ మురుగు కాలువ గట్టున పడున్న సిమెంటు పైపు మీద మాత్రమే ఆ చుట్టుపక్కల ఎండ ఉంది. ముక్కు మూసుకోవాల్సినంత కంపు. చేతులు మోచేతుల దాకా బయట పెట్టి, మోకాళ్ల దాకా చీర జరిపి కూర్చునేది. టెంపోల వాళ్లు చూసి నవ్వేవాళ్లు. పిల్ల పోయిన దుఃఖంలో మతి చలించిందని గల్లీలో అనుకున్నారు. ఆమె చెయ్యి మళ్లీ చిన్నప్పటిలా నల్లబడింది.

ఎదుటి వరసలో కీర్తి అని కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల ఉంది. కడుపుతో ఉందని తెలిసి, భూదేవి ఒకరోజు వాళ్ల గది ముందు నిలబడింది. గది అచ్చం తన గదిలాగే ఉంది. అదే లైటు, అవే చీరలు, కిటికీకి అదే గోడ. కీర్తి ముఖం తెల్లగా పాలిపోయి ఉంది.

"కీర్తీ, కాళ్లు గుంజుతున్నయా బిడ్డా?"

కీర్తి అవునని తలూపబోయింది. అంతలో ఆమె అత్త గడపకు అడ్డంగా వచ్చింది.

"ఏంది భూదేవక్కా?"

"ఏం లేదు చెల్లే. పిల్లను జరసేపు ఎండల కూసోబెట్టుండ్రి. ఆస్పత్రిల డి విటమిన్ పరీక్ష చేయమనుండ్రి. నా మనుమరాలు..."

"మీ ఇంట్ల అట్లయింది, నాకూ బాధనే. కానీ కడుపుతోని ఉన్నదాని ముంగట ఆ ముచ్చట్లు వద్దు. నువ్వు కూడ ఇటు రాకు. తప్పుగ అనుకోకు."

తలుపు మెల్లగానే వేసింది. భూదేవి గడప బయట నిలబడి తలుపును చూసింది. మళ్లీ కొట్టడానికి చెయ్యి ఎత్తి, దించేసింది. తెరిచినా ఆ పిల్ల ఎండ కోసం ఎక్కడికి వెళ్తుంది? పైన రేకులు, కింద గల్లీ. ఖాడీ గట్టున పైపు మీద కూర్చోమని ఏ అత్తకు చెప్పగలదు?

దీపావళికి ముందు కిమ్ వెళ్లింది. వెంకటలక్ష్మి మంచినీళ్లిచ్చి వంటింట్లోకి వెళ్లిపోయింది. నవత రెండో అంతస్తు గదిలో మంచం మీద కూర్చుని ఉంది. ఆ ఇంటికి బాల్కనీ ఉంది, దాని నిండా ఎండ. తలుపు మాత్రం వేసి, తెర లాగి ఉంది. ఆస్పత్రిలో ఆమెకూ ఇచ్చిన పొడి పొట్లాలు టేబుల్ మీద విప్పకుండా అలాగే ఉన్నాయి.

"తాగుతలేవా బిడ్డా?"

"దేనికి?"

"నీ ఒంటికి. మల్ల రేపు..."

"మల్లనా?" నవత తల్లిని చూసింది. అడిగింది అంతే, కోపం లేదు.

భూదేవి లేచి బాల్కనీ తలుపు తీసింది. ఎండ గదిలోకి వచ్చి మంచం అంచు దాకా పాకింది. నవత పాదాలు వెనక్కి లాక్కుంది. భూదేవి కూతురి ముందు కింద కూర్చుంది. ఈసారి కూర్చోవడం, లేవడం ఏదీ కష్టం కాదు.

"నన్ను తిట్టు నవతా. నేనే కదా నిన్ను బయటికి పోనియ్యలే. బాలింతవని కిటికీల గుడ్డలు పెట్టింది నేనే. నోరు తెరిచి ఒక్కసారి తిట్టు."

నవత కళ్లు తల్లి చేతి మీదికి వెళ్లాయి. మోచేతి దాకా కమిలి నల్లగా ఉన్న చెయ్యి. దాని మీద తన వేలు పెట్టి, తీసేసింది.

"నీకు తెల్వదు కదమ్మా" అంది. "నాకు తెల్వదు. ఎవలను తిట్టాలె?"

భూదేవి ఆ మాట కోసం రాలేదు. తిడితే మోయగలననుకుంది, కొడితే పడుందామనుకుంది. కూతురు ఏమీ అనకుండా వదిలేసింది. నవత మంచం దిగి, బాల్కనీ తలుపు మూసి, తెర సరిచేసి, మళ్లీ వచ్చి గోడవైపు తిరిగి పడుకుంది. భూదేవి పొట్లం ఒకటి విప్పి, వంటింట్లోంచి పాలు అడిగి తెచ్చి, కలిపి మంచం పక్కన పెట్టింది. ఆమె బయల్దేరే దాకా ఆ గ్లాసు అలాగే ఉంది. పాల మీద మీగడ కట్టింది.

సాయంత్రం రైల్లో సూరత్ తిరిగొచ్చింది. స్టేషన్ వంతెన మెట్లు కమ్మీ పట్టుకోకుండా ఎక్కింది. పక్కన తన వయసామె ఒకతె పక్కకు ఒరిగి, తొడల మీద చేతులు ఆనించి, ఒక్కో మెట్టు మూలుగుతూ ఎక్కుతోంది. భూదేవి ఆగి ఆమెను చూసింది. ఇది వాతం కాదని చెప్పాలనుకుంది. ఎక్కడ మొదలుపెట్టాలో, ఎవరు నమ్ముతారో తెలియలేదు. జనం తోసుకుంటూ వెళ్తున్నారు. ఆమెను దాటి పైకి ఎక్కి వెళ్లిపోయింది.